సువార్తమ్మకు మొలిచిన కాలు

అయ్యా, వైకల్య నివేదికల పునఃపరిశీలన మండలి పెద్దలారా, సువార్తమ్మ కుడికాలును మొలిపించింది మీరే. దేవుడి మీదికి నెట్టకండి, ఆయన ఆ పని చెయ్యలేదు. ఆసుపత్రి మీదికి నెట్టకండి, పదమూడేళ్ల కింద ఆ కాలు తీసేసిన డాక్టరు రిటైరై మనవల్ని ఆడించుకుంటున్నాడు, తిరిగి అతికించడానికి రాలేదు. ఫ్యాను కింద కూర్చుని, ఆమె మొహమైనా చూడకుండా, ఎనిమిది నెలల్లో తొడ దగ్గర్నుంచి బొటనవేలి గోరు దాకా మొలిపించింది మీరు. మీ సంతకాలున్నాయి, మీ ముద్రలున్నాయి, నా దగ్గర జిరాక్సులున్నాయి.

తెలియనివాళ్ల కోసం మొదట్నుంచీ చెప్తాను.

సువార్తమ్మ మా కొత్తరేవులో ఎండుచేపలు అమ్ముతుంది. రేవులో ఐసు లారీ వెనక్కి వస్తూ ఆమె కాలు మీదుగా పోయింది. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఎనభై శాతం వైకల్యం అని ధ్రువపత్రం ఇచ్చారు. దాని మీద మూడు చక్రాల బండి ఇచ్చారు, చేత్తో తిప్పితే నడిచేది. వెనక రెండు బుట్టలు కట్టి, ఒకదాంట్లో నెత్తళ్లు, ఒకదాంట్లో ఎండురొయ్యలు పోసుకుని రోజుకు ఆరు వీధులు తిరుగుతుంది. మొగుడు లేడు, ముసలి అత్త ఉంది. ధ్రువపత్రంలో శాతం నలభై కంటే తగ్గితే బండి వెనక్కి ఇచ్చేయాలని రూలు. బండి పోతే సువార్తమ్మ గుమ్మం దాటలేదు. గొడవంతా ఆ బండి గురించే.

మండలి పోయిన ఏడాది పుట్టింది. దొంగ ధ్రువపత్రాలు ఎక్కువయ్యాయని పుట్టింది. ఎక్కువైన మాట నిజమే, కబడ్డీ ఆడేవాళ్లు కూడా కొందరు బండ్లు తీసుకున్నారు. వాళ్లను పట్టుకోవాలంటే మనిషిని పిలిచి ఒకసారి చూస్తే చాలు. మండలి అధ్యక్షులు భుజంగరావుగారు సరిగ్గా ఆ పనే నిషేధించారు. ఆయన మొదటి సర్క్యులర్ నాకు కంఠతా వచ్చు:

"లబ్ధిదారుని ప్రత్యక్షముగా చూచుట వలన పరిశీలకుని యందు జాలి జనించును. జాలి వలన అంచనా వక్రించును. కావున మండలి వైద్యులు నివేదికను మాత్రమే పరిశీలించవలెను. లబ్ధిదారుని చూచిన వైద్యుడు సదరు కేసునందు అనర్హుడగును."

నెల తిరక్కుండా రెండోది వచ్చింది:

"అభివృద్ధి పథమున పయనించుచున్న జిల్లాలో ఏ అంశమునందును నిశ్చలస్థితి నమోదగుట శోచనీయము. కావున పునఃపరిశీలన ఫారమునందు 'మార్పు లేదు' అను గడి తొలగించడమైనది."

ఫారంలో మూడు గడులు మిగిలాయి. స్వల్ప మెరుగుదల, మెరుగుదల, గణనీయమైన మెరుగుదల. స్వల్పానికి పది శాతం కోత. పరిశీలించే డాక్టరు ఎంత ధర్మాత్ముడైనా పదికి తక్కువ కొయ్యలేడు. ఈ రెండు కాగితాలూ ఒకే టేబులు మీద కలుసుకున్నాయి. కాలు మొలకెత్తింది.

జనవరిలో సువార్తమ్మ ఒక కవరు పట్టుకుని మా వికలాంగుల సంఘం రేకుల షెడ్డుకు వచ్చింది.

"అంకయ్యన్నా, ఏందో వచ్చింది, చదువు."

చదివాను. "నీకు పది శాతం మెరుగుపడిందంట. ఎనభై ఇప్పుడు డెబ్బై."

"ఏంది మెరుగుపడింది?"

"కాలు."

ఆమె చీర కుచ్చిళ్లు పక్కకు జరిపి కిందికి చూసుకుంది. నేనూ చూశాను. బండి సీటు అంచు కనిపించింది, దాని కింద షెడ్డు నేల కనిపించింది.

"నాకు చెప్పకుండానే మొలిచిందా," అంది. "మొలిచేది కాస్త పొద్దున్నే మొలిస్తే బిందె నీళ్లన్నా మోసుకొచ్చేదాన్ని గదన్నా."

నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే పిటిషన్ రాస్తాను. ఇరవై ఏళ్లుగా అదే నా అలవాటు, అదే నేను చేసిన మొదటి తప్పు. ఎందుకంటే పిటిషన్ వస్తే పునఃపరిశీలన చెయ్యాలి. పునఃపరిశీలన చేస్తే ఫారం నింపాలి. ఫారంలో ఉన్నవి ఆ మూడు గడులే. పదిహేను రోజుల్లో జవాబొచ్చింది: "తమ అభ్యంతరమును సానుభూతితో పరిశీలించడమైనది. అరవై శాతం."

బండిని ట్రాలీ ఆటో ఎక్కించి ఇద్దరం జిల్లా కేంద్రానికి పోయాం. మండలి ఆఫీసు గుమ్మానికి "లబ్ధిదారులకు ప్రవేశము లేదు" అని బోర్డు. పక్కన ఊచల కిటికీ, దాని వెనక డాక్టర్ పురంధర్ అని ఒక కుర్ర డాక్టరు. మెత్తటి మనిషి. సువార్తమ్మ బండిలో కిటికీ కింద ఉంది గాబట్టి ఆయనకు నేనొక్కణ్ణే కనిపించాను.

"ఈమె కాలు ఎట్లా పెంచారండీ?" అని అడిగాను.

"నేను పెంచలేదండీ. నివేదికలో పెరిగింది."

"మనిషి ఇక్కడే ఉంది. కాలుందో లేదో ఒకసారి చూసెయ్యండి, పోతాం."

"ఇక్కడే ఉందా?" కుర్చీ జానెడు వెనక్కి జరిగింది. "దయచేసి చూపించకండి. కాలు ఉందా లేదా అనేది మా పరిధిలోకి రాదండీ. నివేదిక ఉందా లేదా అనేదే మా పరిధి."

సువార్తమ్మ ఊచలు పట్టుకుని ఎడమకాలి మీద లేచింది. డాక్టరు చప్పున ఒక లావు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"సారూ, ఇటు చూడు."

"చూడకూడదమ్మా."

"నేనేం నీళ్లు పోసుకుంటన్నానా, చూడకూడదనటానికి? చేపలమ్ముకునేదాన్ని, ఊరంతా చూస్తది."

"మీ మేలు కోసమేనమ్మా. నేను చూస్తే అనర్హుణ్ణవుతాను. అప్పుడు ఇంకో డాక్టరు మళ్లీ మొదట్నుంచి పరిశీలించాలి."

"ఆయన చూస్తాడా?"

"ఆయనా చూడకూడదు."

ఆ కిటికీ గట్టు తక్కువ ఎత్తులో ఉంది. సువార్తమ్మ మిగిలిన తొడముక్కను లేపి గట్టు మీద పెట్టింది. ఫైలు బరువుది, డాక్టరు చెయ్యి లాగింది, ఫైలు నాలుగు అంగుళాలు దిగింది. చూశాడు. తొడముక్క చూశాడు, దాని తర్వాత ఏమీ లేకపోవడం కూడా చూశాడు. ఆయన మొహంలో నిజంగానే జాలి జనించింది. భుజంగరావుగారు ఆ విషయంలో అబద్ధం చెప్పలేదు.

"లేదమ్మా," అన్నాడు మెల్లగా. "కాలు లేదు."

"అదే రాయి మరి."

"ఇక రాయలేనమ్మా. చూశాను కదా."

వారం తిరిగేసరికి కేసు ఇంకో డాక్టరుకు పోయింది. ఆయన ఎవర్నీ చూడలేదు, కిటికీ మూసుకుని కూర్చునే రకం. యాభై శాతం.

అసలు నివేదిక రాసేది మా కొత్తరేవు ఆసుపత్రిలో ఎముకల డాక్టరు నూర్జహాన్‌గారు. ఆవిడ మనిషిని చూసి రాస్తుంది, ఆ రోగం ఆవిడకు ఇంకా పోలేదు. ఏటా సువార్తమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, టేపు పెట్టి కొలిచి, "కుడికాలు మోకాలి పైన తొలగించబడింది, కాలు లేదు" అని రాస్తుంది. ఆవిడకు మండలి నుంచి మెమో వచ్చింది:

"గత మూడు సంవత్సరములుగా తమరు ఒకే వాక్యము వ్రాయుచున్నారు. మూడు సంవత్సరముల పాటు రోగి స్థితి మారకుండుట నమ్మశక్యముగా లేదు. తమరు పరీక్ష చేయకయే పాత నివేదికకు నకలు తీసినట్లు మండలి భావించుచున్నది. సంజాయిషీ ఇవ్వవలెను."

ఆవిడ నివేదిక మీద నమ్మకం తగ్గింది గాబట్టి సువార్తమ్మ శాతం కూడా తగ్గింది. నలభై. ఇంకొక్క మెట్టు దిగితే బండి పోతుంది.

"నేనేం చెయ్యను అంకయ్యగారూ," అంది నూర్జహాన్‌గారు. "లేనిదాన్ని ఏటా కొత్తగా ఏం రాయను? పోయినేటి కంటే ఈ ఏడు ఇంకా ఎక్కువ లేదని రాయనా?"

"మార్చి మార్చి రాయి డాక్టరమ్మా," అంది సువార్తమ్మ. "ఒక ఏడు కాలు లేదని రాయి, ఒక ఏడు ఆ పక్క దోమలు కుట్టట్లేదని రాయి, ఒక ఏడు పట్టీ పెట్టుకోటానికి చోటు లేదని రాయి. చదివేవాళ్లకు కూడా కాస్త కాలక్షేపం."

నూర్జహాన్‌గారు నవ్వింది. నవ్వి, ఇక వాదన లేకుండా ఎక్స్‌రే పంపిద్దామంది. ఫొటో పంపితే మనిషిని చూసినట్టే, అది నిషేధం. ఎక్స్‌రేలో మొహం ఉండదు గాబట్టి జాలి జనించదు. రెండు కాళ్లూ పక్కపక్కన తీశారు. ఎడమ పక్క తొడ నుంచి వేళ్ల దాకా ఎముకలున్నాయి. కుడి పక్క సగం తొడ ఎముక, దాని కింద వట్టి నలుపు. కళ్లజోడు లేకుండా నాకే అర్థమైంది. ఇక ఈ దెబ్బతో అయిపోయిందనుకున్నాం.

జవాబొచ్చింది: "సమర్పించిన ఎక్స్‌రేను మండలి క్షుణ్ణముగా పరిశీలించినది. కుడి మోకాలు, పిక్క, చీలమండ, పాదముల ఎముకలలో ఎక్కడను విరుపు గాని, అరుగుదల గాని కానరాలేదు. ముప్పై శాతం."

నూర్జహాన్‌గారు రెండుసార్లు చదివి కాగితం బోర్లా పెట్టింది. "రాసిందాంట్లో తప్పు లేదండీ," అంది. "లేని ఎముక విరగదు, అరగదు."

దాని వెనకే బండి అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. ముప్పై రోజుల గడువు.

ఇక్కడ నా రెండో తప్పు చెప్పుకోవాలి. కోపంలో నేను ఒక పిటిషన్‌తో ఆగలేదు. కలెక్టరాఫీసుకు ఒకటి, పై కమిషనరాఫీసుకు ఒకటి, ఫిర్యాదుల దినం పెట్టెలో ఒకటి వేశాను. మన రాజ్యంలో ఎవరి మీద ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదు వాళ్ల దగ్గరికే విచారణకు పోతుంది. తెలిసీ వేశాను. మూడూ మూడు దారుల్లో తిరిగి, మూడు రకాల ముద్రలు వేయించుకుని, మండలి టేబులు మీదికి చేరాయి. విచారణ నడిచినన్నాళ్లూ బండి గడువు మాత్రం ఆగింది. మూడు పునఃపరిశీలనలు. ఇరవై, పది, సున్నా.

సున్నా వచ్చిన రోజు సువార్తమ్మ షెడ్డు ముందు బండి ఆపి నన్ను బయటికి పిలిచింది.

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఇంకో అర్జీ రాశావంటే నాకు గుర్రం కాళ్లు మొలుస్తయ్."

కలం జేబులో పెట్టుకున్నాను. ఆ నెలంతా మళ్లీ తియ్యలేదు.

అయితే సున్నా శాతం అంటే మండలికి మామూలు విషయం కాదు. జిల్లాలో ఇదే తొలి సంపూర్ణ మెరుగుదల. మండలి ప్రథమ వార్షికోత్సవంలో సువార్తమ్మకు సన్మానమని ఆహ్వానం వచ్చింది. బండి విషయం అధ్యక్షుల నోటితోనే తేల్చుకుందామని ఆమె వస్తానంది. నలుగురం పోయాం. వేదికకు తొమ్మిది మెట్లు. బండితో సహా ఆమెను మోసుకుని ఎక్కించాం. ఎక్కితే ఎదురుగా పెద్దలెవరూ లేరు, పచ్చటి తెర ఉంది. పెళ్లిలో జీలకర్రాబెల్లం వేళ పట్టే అడ్డుతెర లాంటిదే, కాకపోతే పొడుగు. ఇద్దరు అటెండర్లు చెరో కొస పట్టుకున్నారు. మండలి సభ్యులంతా దాని వెనక కుర్చీల్లో ఉన్నారు. చూస్తే అనర్హులైపోతారు కదా.

తెర వెనక నుంచి భుజంగరావుగారు మైకులో మొదలుపెట్టారు.

"సోదరీ, తమరు నడిచి వచ్చిన చప్పుడు మేము విన్నాము. ఒక కాలు మొలచుట సామాన్య విషయము కాదు. ఇది ఏ ఔషధము వలనను, ఏ శస్త్రచికిత్స వలనను సాధ్యపడలేదు. కేవలము క్రమబద్ధమైన పునఃపరిశీలన వలన సాధ్యపడినది. ఒక్క రూపాయి మందు బిళ్లయు వాడలేదని సగర్వముగా మనవి చేయుచున్నాను."

హాల్లో చప్పట్లు. ముందు వరుసలో ఉన్నవాళ్లు సువార్తమ్మను చూస్తూనే కొట్టారు. సన్మానానికి కొట్టారో, తెరకు కొట్టారో నేను చెప్పలేను.

తెర పైనుంచి ఒక చెయ్యి వచ్చింది. చేతిలో కొత్త తోలు చెప్పుల జత. సువార్తమ్మ ఎడమదాన్ని తీసుకుంది.

"ఒకటి చాలు సారూ. రెండోది మీ రిపోర్టుకు తొడగండి."

హాలు నవ్వింది. చెయ్యి రెండో చెప్పుతో అట్లాగే కాసేపు గాల్లో ఉండి వెనక్కి పోయింది.

"నా బండి మాటేంది?" అంది సువార్తమ్మ తెరతో. "బండి తీసుకుంటే నేను వీధుల్లో దేకాల్నా? ముసల్దానికి ఏం పెట్టాల్నో అది కూడా రిపోర్టులో రాస్తారా?"

"సోదరి ఆనందాతిశయంలో ఏమో సెలవిస్తున్నారు," అన్నారు భుజంగరావుగారు. "మౌఖిక వినతిగా నమోదు చేసుకొనవలెను."

నమోదు చేసుకున్నారు. నమోదైతే ఏమవుతుందో మీకు తెలుసు. పది రోజులకు కవరు వచ్చింది:

"మైనస్ పది శాతం. అనగా సదరు లబ్ధిదారు వద్ద సహజ పరిమాణమునకు మించి పది శాతము కాలు అదనముగా నున్నట్లు తేలినది. సదరు అదనపు కాలు మండలి అనుమతి లేకుండ ఎచటి నుండి సంపాదించినదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. సదరు గడువులోపలనే మూడు చక్రాల బండిని లబ్ధిదారు స్వయముగా కాలినడకన వచ్చి మండలి కార్యాలయమున అప్పగించవలెను. తప్పినచో పోలీసు వారి సహాయముతో స్వాధీనపరచుకొనబడును."

నేను పైకి చదువుతుంటే మంచం మీద నుంచి అత్త విన్నది. "ఒసే సువార్తా, ఎక్కువున్న ముక్క నాకియ్యవే," అంది. "నా మోకాళ్లు పనిచెయ్యక నాలుగేళ్లాయె."

సువార్తమ్మ నవ్వలేదు. గడువు లెక్కపెట్టింది. ఏడు రోజులు. ఆరు రోజులు నెత్తళ్లు, రొయ్యలు అమ్మింది, అడిగినవాళ్లందరికీ దోసెడు ఎక్కువే పోసింది. ఏడో రోజు పొద్దున బుట్టలు విప్పేసి, "పోదాం పదన్నా, ఇచ్చేసొద్దాం," అంది.

ఆ ఏడో రోజు ఈ రోజే.

పదింటికల్లా మండలి ఆఫీసుకు చేరాం. అందరూ అప్పటికే లోపలున్నారు, ఆ విషయంలో వాళ్లు క్రమశిక్షణ గలవాళ్లు. ఆఫీసుకు ఒకటే గేటు. సువార్తమ్మ బండిని గేటు మధ్యకు తెచ్చి ఆపింది. అటెండరు వచ్చి, అప్పగించడానికి వచ్చారా అని అడిగాడు.

"అవును. బండి దిగి నడిచి పోవాలి గదా, నాయనా. మీ సార్లు మొలిపించిన కాలు లోపలుందంట. పట్రమ్మను. తొడుక్కుని దిగుతా."

అటెండరు లోపలికి పోయాడు. తిరిగి రాలేదు. పదకొండింటికి కిటికీలన్నీ మూశారు. అప్పుడు గానీ మాకు సంగతి అర్థం కాలేదు. గేట్లో సువార్తమ్మ ఉన్నంతసేపూ ఎవరూ బయటికి రాలేరు. వస్తే ఆమెను చూడాలి. చూస్తే అనర్హులు. సభ్యులు ఏడుగురు, ఏడుగురూ అనర్హులైతే ఈ కేసు తేల్చడానికి మండలే ఉండదు. భుజంగరావుగారు రాసిన సర్క్యులరు భుజంగరావుగారిని లోపల పెట్టి గడియ వేసింది.

ఒంటి గంటకు భోజనం క్యారియర్లు వచ్చాయి. సువార్తమ్మ పక్కకు ఒరిగి వాటికి దారిచ్చింది, మనుషులకు మాత్రం ఇవ్వలేదు. రెండింటికి ఒక సభ్యుడు వెనక గోడ దూకడానికి చూశాడు. సగం ఎక్కి మోకాలి నొప్పితో అక్కడే కూర్చున్నాడు. ఆయన మోకాలు ఎన్నిసార్లు పరిశీలించినా మెరుగుపడే రకం కాదట. పోలీసులకు ఫోను చేశారు. ఎస్సైగారు వచ్చి చూసి, "ఈమె కాలినడకన వచ్చి బండి అప్పగించాలని మీ ఉత్తర్వులోనే ఉంది, గడువు ఇంకా ఈ రోజంతా ఉంది, నడిపించండి, తీసుకెళ్తా," అని లోపలికి కేకేసి చెప్పి చెట్టు నీడకు పోయాడు.

నాలుగింటికి తలుపు తీసుకుని డాక్టర్ పురంధర్ వచ్చాడు. ఆయన ఒక్కడే రాగలడు, ఆయన ఎప్పుడో చూసేశాడు.

"అమ్మా, అధ్యక్షులవారు కొంచెం పక్కకు జరగమంటున్నారు. అయిదున్నరకు వారికి రైలుంది."

"నాకు మాత్రం బండి లేకపోతే ఏముంది సారూ?"

ఆయన వచ్చి గేటు పక్క దిమ్మె మీద కూర్చున్నాడు.

"లోపల పదకొండు వందల ఫైళ్లున్నాయమ్మా," అన్నాడు. "కళ్లు లేనివాళ్లకు చూపు వచ్చింది. మాట లేని పిల్లాడు ఒకడు మా దగ్గర మూడు భాషలు మాట్లాడుతున్నాడు. నేనే ఆ గడులు నింపాను, ఇంకొకరి మీద పెట్టను. నాకు తెలిసిందంతా చెప్పగలను. మీ కేసులో రాసే హక్కు నాకు లేదు."

"హక్కున్నోళ్లకు తెలీదు, తెలిసినోళ్లకు హక్కు లేదు," అంది సువార్తమ్మ. "బాగా అమర్చుకున్నారయ్యా."

ఇప్పుడు అయిదు కావస్తోంది. నెల రోజుల తర్వాత కలం తీసి, బండి చక్రం పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ఇది అర్జీ కాదు. దీని మీద నమోదు సంఖ్య వెయ్యకండి, పరిశీలించకండి, ఫారంలో గడి వెతక్కండి. దీన్ని డాక్టర్ పురంధర్ లోపలికి తెచ్చి మీ ముందు పైకి చదువుతాడు, ఒప్పుకున్నాడు.

భుజంగరావుగారూ, తెర వద్దు, ఫైలు వద్దు. మీ ఏడుగురూ రెండు కాళ్ల మీద నడుచుకుంటూ గేటు దాకా రండి. ఇరవై అడుగులు. వచ్చి ఈమెను చూడండి. జాలి పుడితే పుట్టనివ్వండి, దానివల్ల ఇంతవరకు ఎవరూ చావలేదు. చూసి, ఇక్కడే, ఈ బండి మీదే కాగితం పెట్టి, "కాలు లేదు, ఎనభై శాతం" అని రాసి సంతకం పెట్టండి. బండి ఉత్తర్వు మా కళ్ల ముందు చించండి. నూర్జహాన్‌గారి మెమో వెనక్కి తీసుకోండి. ఆ తర్వాత మీ గుమ్మం మీద బోర్డు పీకి, పదకొండు వందల మందినీ పేరుపేరునా పిలవండి. ఒక్కొక్కరినీ చూసి రాయండి. దొంగలుంటే వాళ్లూ అక్కడే దొరుకుతారు, మేమే పట్టిస్తాం.

ఇదంతా రేపు కాదు, సమావేశం పెట్టుకుని కాదు. మీ రైలు పోతే పోనీండి, రేపు ఇంకోటి ఉంది. ముందు బయటికి రండి.